ఎడమ పక్క ముక్కాలిపీట

అరవై తొమ్మిదేళ్ళు బతికి, అందులో నలభై ఏళ్ళు స్టేజీ ఎక్కి, ఊళ్ళ వాళ్ళందరిచేత కళ్ళనీళ్ళు పెట్టించిన మనిషి, "టీలో చక్కెర సరిపోయిందా?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పకపోతే ఏం చెయ్యాలో ఏ పుస్తకంలోనూ రాసి లేదు. రాసి ఉంటే ప్రాంప్టరమ్మ ఈపాటికి ఆ పేజీ మూల మడిచి దాచుకునేది.

"చక్కెర సరిపోయిందా అని అడుగుతున్నా."

హీరోగారు పేపరు తిప్పారు. ఇంట్లో ఎడమ కాలి చెప్పు ఎక్కడుందో తెలియని మనిషినయినా ఊరంతా హీరోగారనే పిలుస్తుంది. ఆవిడను ప్రాంప్టరమ్మ అంటారు. ఆయన నాటకాలన్నింటికీ ముప్పై నాలుగేళ్ళు తెర పక్కన కూర్చుని మాటలందించింది ఆవిడే.

"వంటింటికి నిప్పంటుకుందండీ."

"ఊఁ."

"సిలిండరుతో సహా పైకి పోతున్నాం. చెప్పులేసుకుంటారా, అలాగే వస్తారా?"

"మంచిది," అన్నారాయన, పేపరు మీంచి కళ్ళెత్తకుండా.

గోడలకు చెవులుంటాయంటారు. ఈ ఇంట్లో గోడలకే ఉన్నాయి అనుకుంటూ ఆవిడ తన కప్పు తీసుకుని ఆయన ఎడమ పక్క కుర్చీలో కూర్చుంది. స్టేజీ మీదా ఆయనకు ఎడమ పక్కే, భోజనాల బల్ల దగ్గరా ఎడమ పక్కే. కాపురానికి వచ్చిన కొత్తలో ఈ పొరపాటుకో, ఆ తలనొప్పికో మాట్లాడుకోని రోజుల్లో కూడా కుర్చీ మాత్రం మార్చలేదు.

ఏడాదిగా మాత్రం ఆ కుర్చీలో కూర్చుని బల్లతో కాపురం చేస్తున్నట్టుంది. ఏం చెప్పినా జవాబు లేదు. అదే ఫోను మోగితే చాలు, కుడి చెవికి ఆనించుకుని నవ్వుతారు, జోకులేస్తారు, అరగంట కబుర్లు చెబుతారు. ఊరందరి మాటా వినపడుతుంది. పెళ్ళాం మాటొక్కటే పెడచెవిన పడుతుంది.

మొదట్లో పోట్లాడింది. తర్వాత సగం మాటలు మానేసింది. ఇప్పుడు రోజుకు నాలుగైదు మాటల దగ్గర ఆగింది. అందులో రెండు నిప్పు గురించీ, సిలిండరు గురించీ.

ఆ రోజు పదింటికి నాటక సమాజం కార్యదర్శి వచ్చాడు. పగలు మందుల షాపు, సాయంత్రం సమాజం. నోట్లో నువ్వుగింజ నానని మనిషి. హీరోగారు రిహార్సలుకు వెళ్ళిపోవడం చూసి మరీ వచ్చాడేమో, సోఫాలో స్థిమితంగా కూలబడ్డాడు.

"వదినా, నలభై ఏళ్ళ పండగ దగ్గర పడింది. నాలుగు ఆదివారాలు, నాలుగు పాత నాటకాలు, మధ్యాహ్నం ఆటలు. ఆఖరి ఆదివారం అన్నయ్య 'తలుపు' నాటకం. పాత బట్టల పెట్టెలు తెరిచాం. కోట్లకు గుండీలు లేవు. గుండీలున్న కోట్లు మనుషులకు పట్టడం లేదు."

"మనుషులున్నారా అసలు?"

"ఇద్దరు పోయారు, ఒకాయన మోకాళ్ళు పోయాయి. కుర్రాళ్ళతో నింపాం. కానీ రాతప్రతులు ఒక్కటీ దొరకడం లేదు వదినా. ఉన్నవన్నీ నీ నోటుపుస్తకాల్లోనే."

ఉన్నాయి. బీరువా కింద అరలో, అట్టలు వేసిన పన్నెండు పుస్తకాలు. ఆవిడ 'తలుపు' పుస్తకం తీసి ఒళ్ళో పెట్టుకుంది. మాటల చుట్టూ పెన్సిలు సున్నాలు. ఒక సున్నా చుడితే హీరోగారు అక్కడ తడబడతారని. రెండు చుడితే మర్చిపోతారని. ఆఖరి పేజీలో ఆఖరి రెండు మాటల చుట్టూ ఎన్ని సున్నాలంటే, కాగితం అరిగి చిరిగి, వెనక అట్ట కనబడుతోంది.

అది గడియారాలు బాగుచేసే ఒక మేస్త్రీ కథ. పంతం పట్టి పెళ్ళాంతో మాట మానేస్తాడు. పదేళ్ళ తర్వాత ఆవిడ గది తలుపు ముందు నిలబడి, "తప్పు నాదే" అంటాడు. తెర పడుతుంది. అంతే నాటకం. మూడేసి పేజీల మాటలు గుక్క తిప్పుకోకుండా చెప్పే హీరోగారు ఆ రెండు మాటల దగ్గరకు వచ్చేసరికి గుడ్లు మిటకరించేవారు. నూట పన్నెండు ప్రదర్శనల్లో నూట పన్నెండు సార్లూ మర్చిపోయారు. తల ఎడమ పక్కకు వంచి ఎదురుచూసేవారు. ఆవిడ మనసులో మూడు లెక్కపెట్టి అందించేది.

ఒక పత్రికలో అప్పట్లో రాశారు కూడా: "అంతరాత్మ ఘోష వింటున్నట్టు తల పక్కకు వాల్చిన ఆ క్షణం అపూర్వం" అని. ఆ అంతరాత్మ అప్పుడు తెర చాటున ఎడమ వింగులో ముక్కాలిపీట మీద, జ్వరంతో మూలుగుతున్న పిల్లను ఒళ్ళో పడుకోబెట్టుకుని, దోమలు తోలుకుంటూ కూర్చునుంది.

"ఈసారి కాస్త ఎత్తు పీట వెయ్యించు," అంది ఆవిడ నవ్వుతూ. "పాతదాని మీద కూర్చుంటే లేపడానికి ఇద్దరు కావాలి."

కార్యదర్శి టీ కప్పులోకి చూశాడు. "అన్నయ్య చెప్పలేదా?"

"ఏం?"

"ఎడమ వింగులో పొగ మిషను పెడుతున్నాం. అన్నయ్యకు కుడి చెవిలో చిన్న మిషనట, గింజంత. మీ అమ్మాయే తెచ్చింది. మైకులో తనే చెబుతుంది, ఆయనకు అందుతుంది. కొత్త పద్ధతి. నీకు శ్రమ తగ్గిద్దామని అన్నయ్యే..."

"ఓ," అంది ఆవిడ.

పుస్తకాలు గుడ్డలో కట్టి ఇచ్చింది. గుమ్మం దాకా వెళ్ళాక కార్యదర్శి గుర్తొచ్చినట్టు ఒక కాగితం చేతిలో పెట్టాడు. పండగ సంచికలో వెయ్యబోయే పేర్ల జాబితా. రంగు పూసినవాడు, తెర లాగినవాడు, కుర్చీలు అద్దెకిచ్చినవాడు, అందరి పేర్లూ ఉన్నాయి. అన్నిటికంటే కింద ఉంది: "సహకారం: కుటుంబ సభ్యులు."

బహువచనం వాడినందుకు సంతోషించాలి అనుకుంది ఆవిడ. ఒక్కదాన్నే చాలామందిలా కనబడ్డానన్నమాట.

*

శనివారం మధ్యాహ్నం కూతురు వచ్చింది. చెవి పరీక్షలు చేసి మిషన్లు అమర్చడం ఆ పిల్ల ఉద్యోగం. బట్టల పెట్టెల్లో నిద్రపోతూ పెరిగిన పిల్ల, పెద్దయ్యాక నాటకమంటే ఆమడ దూరం పారిపోయింది. ఇప్పుడు తండ్రి కోసం మైకు పట్టుకుంటోందన్న మాట.

హీరోగారు సోఫాలో కూర్చుని సంభాషణలు గొణుక్కుంటున్నారు. ఆవిడ మడతపెట్టాల్సిన బట్టలు తెచ్చుకుని ఆయన కుడి పక్క నిలబడింది. ఎడమ పక్క కూతురు కూర్చునుంది కాబట్టి.

"నా పీట తీసేశారట."

ఆయన ఉలిక్కిపడ్డారు. "ఎవరు చెప్పారు?"

"పొగ మిషను చెప్పింది."

"అది కాదు... నీకెందుకు శ్రమ? మోకాళ్ళ నొప్పులంటావు."

"ఈ ఏడాదిలో ముప్పైసార్లన్నాను. అప్పుడు ఒక్కసారైనా ఊఁ అనలేదే? అన్నీ కూడబెట్టి ఇవాళ వాడుకుంటున్నారా?"

"అమ్మా, నాన్న ఉద్దేశం..." కూతురు మధ్యలో అందుకోబోయింది.

"నువ్వుండు తల్లీ. మిషను నువ్వే అమర్చావు. గింజంత ఉంటుందట కదా. నేను మరీ గుమ్మడికాయంత ఉన్నానని తీసేశారా?"

ఇంకో రోజయితే ముగ్గురూ నవ్వేవాళ్ళే. ఆవిడ చేతిలో చొక్కా మడత పెట్టిందే మళ్ళీ విప్పి మడతపెడుతోంది.

"నాకు దండలొద్దు, శాలువాలొద్దు," అంది. ఒక్కొక్క మాటా నిలబెట్టి పలికింది. "సంచికలో పేరు లేకపోతే పోయింది. ఆ పీట ఒక్కటే అడుగుతున్నాను. ఈ ఇంట్లో నేను చెప్పే మాట మీరు విని నోరు విప్పేది అక్కడొక్కచోటే. అదీ తీసేస్తే నేనెవరితో మాట్లాడాలి?"

హీరోగారు చేతిలో కాగితాలు సర్దారు. కూతురి వైపు చూశారు. ఆ చూపులో ఏదో బతిమాలడం ఉంది. ఎందుకో ఆవిడకు అర్థం కాలేదు. తర్వాత ఆయన గొంతు సవరించుకున్నారు, స్టేజీ మీద అబద్ధమాడే పాత్ర వేసేటప్పుడు సవరించుకున్నట్టు.

"చెప్పక తప్పేలా లేదు. నీ గొంతు తగ్గిపోయింది."

"ఏమిటి?"

"పోయినేడాది వేసిన ఆ చిన్న నాటకంలోనే చూశాను. ఒక్క మాటా అందలేదు. వెనకటి గొంతు కాదు నీది. వయసు... ఎవరికైనా వస్తుంది. మొహాన చెప్పలేక ఊరుకున్నాను."

"నాన్నా!" అంది కూతురు.

ఆయన మళ్ళీ అలాగే చూశారు. కూతురు నోరు మూసుకుంది. తర్వాత పనుందంటూ సంచీ తగిలించుకుని లేచింది. చెప్పులేసుకుంటూ తల్లి భుజం మీద చెయ్యి వేసి, వెంటనే తీసేసింది.

ఆవిడ బట్టలు బీరువాలో పెట్టింది. చొక్కాల అరలో చీరలూ, చీరల అరలో చొక్కాలూ.

*

ప్రాంప్టరు గొంతు ఎలా ఉండాలో నేర్పే బడి లేదు. పెదవి దాటాలి, నాలుగు గజాలు నడవాలి, అయిదో గజంలో చచ్చిపోవాలి. నటుడికి వినపడాలి, ముందు వరసకు వినపడకూడదు. అసలు ప్రాంప్టరు జ్వరంతో పడుకున్న ఒక పూట, డిగ్రీ చదివిన కొత్త పెళ్ళికూతురు కదా, అక్షరాలు కూడబలుక్కోదులే అని కూర్చోబెట్టారు. ఆ గొంతు ఆవిడకు వారంలో పట్టుబడింది. ఆవిడ చేతికి వచ్చిన విద్య అదొక్కటే. ఎవరికీ చూపించుకోలేని విద్య. బాగా చేస్తే అసలు లేనట్టే ఉండాలి.

అది పోయిందట.

ఆ తర్వాత మూడు వారాలు ఆవిడ ఇంట్లో మాట్లాడలేదు. ఆయన రిహార్సలుకు వెళ్ళిపోతే ఇల్లు మరీ పెద్దదయిపోయేది. ఒక మధ్యాహ్నం ఫోనులో రికార్డు మీట నొక్కి, హాల్లో సోఫా మీద పెట్టి, తను నాలుగు గజాలు కొలుచుకుని వంటింటి గుమ్మం చాటున నిలబడింది. నోటుపుస్తకం అక్కర్లేదు. మేస్త్రీ మాటలన్నీ మొదటి నుంచీ వరసగా అందించింది. ఖాళీ సోఫాకు, ఫ్యానుకు, చివరకు మూసి ఉన్న తలుపుకు. మధ్యలో ఆయన ఊపిరి తీసుకునేచోట తనూ ఆగింది.

తర్వాత వచ్చి విన్నది. ప్రతి మాటా స్పష్టంగా ఉంది. ఖాళీ ఇంట్లో ఒక ఆడమనిషి ఎవరికో గుసగుసగా మాటలందిస్తోంది. అవతలనుంచి ఎవరూ పలకడం లేదు. అరనిమిషం కంటే వినలేక ఆపేసింది.

గొంతు బాగానే ఉంది కదా? కానీ తన గొంతు తనకు బాగానే ఉంటుంది. కాకి పిల్ల కాకికి ముద్దు. రికార్డు చెరిపేసి బియ్యం కడుక్కోవడానికి వెళ్ళింది.

*

ఆఖరి ఆదివారం మధ్యాహ్నం హాలు నిండింది. ఆవిడ జీవితంలో మొదటిసారి నాటకానికి ముందు వైపు నుంచి వచ్చింది. చేతిలో పాసుంది. ఎక్కడైనా కూర్చోవచ్చు. అలవాటు చొప్పున కాళ్ళు ఆయనకు ఎడమ పక్కన పడేచోటుకే నడిచాయి. రెండో వరసలో గోడవారన ఆఖరి కుర్చీ.

తెర లేచింది. ముప్పై నాలుగేళ్ళుగా ఆవిడ చూసింది ఆయన చెవీ, చెంపా, చెమట పట్టిన మెడా. ఇవాళ మొహం చూసింది. బాగా చేస్తున్నారు. ఇంత బాగా చేస్తారని ఎవరూ చెప్పలేదే అనుకుంది. అందరూ చెబుతూనే ఉన్నారు, తనకే చూసే వీలు లేకపోయింది.

పెన్సిలు సున్నాలు చుట్టిన చోట్లన్నీ వస్తున్నాయి, వెళ్తున్నాయి. అక్కడక్కడ ఆయన రెప్ప వాల్చి కుడి చెవిలో మిషను మాట వింటున్నారు, అందుకుంటున్నారు. ఎడమ వింగులో ఆవిడ పీట ఉండేచోట పొగ మిషను తన పని తాను చేసుకుపోతోంది. అది మాత్రం ఎవరినీ ఏమీ అడగదు.

ఆఖరి రంగం. స్టేజీ ముందు భాగంలో, ఆవిడ కూర్చున్న వైపే, తలుపు చట్రం. మేస్త్రీ నడిచి వచ్చాడు. చెయ్యెత్తి తలుపు తట్టబోయి ఆగాడు. నోరు తెరిచాడు.

మాట రాలేదు.

నూట పదమూడోసారి అనుకుంది ఆవిడ. ఆయన తల మెల్లగా ఎడమ పక్కకు వంగింది. ఎడమ పక్క ఎవరూ లేరు. ఒకటి. రెండు. మూడు. హాలంతా ఊపిరి బిగబట్టింది. నాలుగు. మిషనులో కూతురు చెబుతూనే ఉండాలి. అయిదు. ఆయన కళ్ళలోకి ఆవిడకు బాగా తెలిసిన భయం వచ్చింది. ఆరు.

ఆవిడ అనాలనుకోలేదు. పెదవులు వాటంతట అవే అన్నాయి.

"తప్పు నాదే."

గొంతు కొలత తప్పింది. నాలుగు గజాలు నడవాల్సిన మాట హాలు సగం దాకా వెళ్ళింది. ముందు వరస వాళ్ళు వెనక్కి తిరిగారు. పక్క కుర్చీలో పెద్దమనిషి కళ్ళజోడు సవరించుకుని మరీ చూశాడు. అయిదో వరసలో ఎవరో దగ్గారు. వింగులోంచి కూతురు తల బయటపెట్టి తల్లినే చూస్తోంది.

అందరికీ వినపడింది.

నాలుగు గజాల దూరంలో, కుడి చెవిలో మిషను బిగించుకుని, తల ఆవిడ వైపే వంచి, చెవి ఆవిడ వైపే పెట్టి నిలబడ్డ ఆయనకు తప్ప.

ఆయన అలాగే ఎదురుచూస్తున్నారు. ఎవరైనా అందిస్తారేమోనని.

ఆవిడ కుర్చీ చేతిని పట్టుకుంది. టీలో చక్కెర, వంటింట్లో నిప్పు, ఎడమ పక్క కుర్చీ, ఫోనుకు కుడి చెవి, కూతురి వైపు బతిమాలే చూపు, అన్నీ ఒక్కసారి వరసలో నిలబడ్డాయి. ఇన్నాళ్ళూ ఎలా కనిపెట్టలేదు? ఎలా కనిపెడుతుంది, చెవులు నిక్షేపంగా ఉన్న రోజుల్లో కూడా ఆయన అంతే కదా!

మాట రాకుండానే తెర పడింది. హాలు ఒక్క క్షణం ఆగి లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. మౌనంతో ముగించడం ఎంత కొత్తగా ఉందో అని పక్క పెద్దమనిషి కళ్ళు తుడుచుకున్నాడు.

*

మేకప్ గదిలో జనం పలచబడేదాకా ఆవిడ వరండాలో ఆగింది. లోపలికి వెళ్ళేసరికి హీరోగారు ఒక్కరే అద్దం ముందు తలొంచుకుని, దూదితో రంగు తుడుచుకుంటున్నారు. మిషను తీసి బల్ల మీద పెట్టారు. మూల గోడ పక్కన ఆవిడ ముక్కాలిపీట ఉంది. దాని మీద విగ్గు ఆరేశారు.

ఆవిడ వెళ్ళి ఆయన ఎడమ పక్క నిలబడింది.

"ఏమండీ."

దూది ఆగలేదు.

"వంటింటికి నిప్పంటుకుందండీ," అంది, మెల్లగా. ఆ మాటకు తనకే ఏడుపొచ్చింది.

ఆయన ముక్కు పక్కన రంగు తుడుచుకున్నారు.

ఆవిడ విగ్గు తీసి బల్ల మీద పెట్టి, పీట ఈడ్చుకుంటూ ఆయన కుడి పక్కకు తెచ్చుకుని కూర్చుంది. చప్పుడుకు ఆయన తిరిగారు. మొహం సగం మేస్త్రీదీ, సగం తనదీ.

"ఎన్నాళ్ళయింది?" అంది.

"ఏది?"

"ఎడమ చెవి."

"లైట్లు... ఇవాళ లైట్లు కళ్ళలో కొట్టాయి. పైగా ఆ మిషను..."

"మిషన్లో నేను మూడుసార్లు చెప్పాను నాన్నా," అంది కూతురు గుమ్మంలోంచి. ఎప్పుడొచ్చిందో, చేతిలో మైకు ఇంకా అలాగే ఉంది. "మూడుసార్లూ మీకు వినపడింది. నాకు తెలుసు." తర్వాత తల్లి వైపు తిరిగింది. "ఏడాదిన్నరమ్మా. ఎడమది మొత్తం పోయింది. నీకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నారు. నీ గొంతు మీదకు తోస్తారని మాత్రం నాకు తెలియదు. ఆ రోజే చెప్పేయాల్సింది."

ఆడలేక మద్దెల ఓడు అన్నాడట వెనకటికెవరో. మూడు వారాలుగా ఆ మద్దెల వంటింట్లో కూర్చుని తన చర్మం తానే తడిమి చూసుకుంటోంది. ఆవిడకు కోపం రావాల్సినంత వచ్చింది. కానీ చెవి పోయిన మనిషి తల ఇంకా ఆ ఎడమ పక్కకే వంచి ఎదురుచూడటం కళ్ళముందు నుంచి పోవడం లేదు.

"ఎందుకు దాచారు?"

"చెబితే నువ్వు కుడి పక్కకు వస్తానంటావు," అన్నారాయన. గొంతు స్టేజీది కాదు. "కుడి పక్క వింగు లేదు, గోడే కదా. ఇంక స్టేజీ మీద నీ మాట నాకు ఎప్పటికీ అందదని ఇద్దరికీ తెలిసిపోతుంది. అందుకని..." ఆగారు. "మిషన్లో వినపడిందే. పిల్ల చెప్పింది. అది నాటకంలో మాటలా అనిపించలేదు. నోరు రాలేదు."

దూది నలుపుతూ కూర్చున్నారు. ఇంకేదో మిగిలి ఉన్నట్టు ఆయనకూ తెలుసు.

కూతురు పెదవి కదపబోయింది. ఆవిడ చెయ్యెత్తి వద్దంది. ముప్పై నాలుగేళ్ళలో మొదటిసారి, వచ్చిన మాటను పళ్ళ వెనకే పట్టుకుని కూర్చుంది. ఒకటి. రెండు. మూడు. గదిలో ఫ్యాను తిరుగుతోంది. ఏడు. ఎనిమిది.

ఆయన తల అలవాటుగా ఎడమకు వంగింది. అటు గోడ తప్ప ఏమీ లేదు. మెల్లగా ఆ తల తనంతట తనే కుడివైపుకు తిరిగి, పీట మీద కూర్చున్న మనిషి మొహంలోకి చూసింది.

"నీ గొంతుకేం కాలేదు," అన్నారు హీరోగారు. "తప్పు నాదే."